తలాడించే బొమ్మను చూసి మనమూ తలాడించనక్కరలేదు

కార్టూన్ పాత్రల బాబుల్‌హెడ్ బొమ్మలను (స్ప్రింగు మీద తల ఊగే బొమ్మలను) బంగారంలా దాచుకోమని చెప్పే సందేశం ఒకటి కొంతకాలంగా వాట్సాప్‌లో చేతులు మారుతోంది. బరువైన బొమ్మే నాణ్యమైనదనీ, తల ఎంతసేపు ఊగితే అంత మేలురకమనీ, అడుగున అచ్చైన సంవత్సరంలోనే అది తయారైందనీ, ‘లిమిటెడ్ ఎడిషన్’ అని రాసి ఉంటే అరుదైనదనీ, డబ్బా విప్పకుండా పదేళ్ళు ఉంచితే ధర పెరిగి తీరుతుందనీ దాని సారాంశం. చివరి మాట పూర్తిగా తప్పు. మిగిలినవి సగం నిజాలు కాబట్టే వాటిని నమ్మినవారికి చేతిచమురు ఎక్కువ వదులుతోంది.

మొదట బరువు సంగతి చూద్దాం. అమెరికాలో ఈ బొమ్మల సేకరణకు ఊపునిచ్చినవి 1960 నుంచి బేస్‌బాల్ జట్ల పేరిట అమ్మిన తలాడే బొమ్మలు. జపాన్‌లో కాగితపు గుజ్జుతో చేసిన ఆ బొమ్మలు చాలా తేలిక. వాటిలో కొన్నింటికి మనిషి ముఖానికి బదులు జట్టు చిహ్నమైన కార్టూన్ తల ఉండేది. పాతవాటిని సేకరించేవారు ఇప్పటికీ వెతికేది ఈ తేలికైన బొమ్మలనే. తరువాత పింగాణీ, ప్లాస్టిక్, రెసిన్ (అచ్చులో పోస్తే రాయిలా గట్టిపడే పదార్థం) వచ్చాయి. 1998లో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్నోహోమిష్‌లో మైక్ బెకర్ స్థాపించిన ఫంకో సంస్థ ‘బిగ్ బాయ్’ అనే రెస్టారెంటు చిహ్నంతో మొదలుపెట్టి, కార్టూన్ పాత్రలను ‘వాకీ వాబ్లర్స్’ పేరిట ప్లాస్టిక్‌తోనే చేసింది. అంటే బరువు పదార్థమేదో చెబుతుంది తప్ప పనితనం గురించి ఏమీ చెప్పదు. బరువైన రెసిన్ బొమ్మ చేయి జారితే చెవో చేయో విరుగుతుంది. తేలికైన ప్లాస్టిక్ బొమ్మ చాలాసార్లు సొట్టతో బయటపడుతుంది. బరువును పోల్చి చూడవలసిన సందర్భం ఒక్కటే: ఒకే బొమ్మకు అసలుదీ నకిలీదీ పక్కపక్కన ఉన్నప్పుడు.

పనితనం తెలిసేది కంటి దగ్గర. మనిషి పోలికతో చేసిన బొమ్మలో నీడలూ ముడతలూ చిన్న తప్పును కప్పేస్తాయి కానీ, కార్టూన్ ముఖంలో ఉండేవి చదునైన రంగులూ నల్లటి గీతలే కనుక, కనుపాప వెంట్రుకవాసి పక్కకు జరిగినా నవ్వవలసిన పాత్ర బిత్తరచూపులు చూస్తుంది. అందుచేత ముందు రెండు కళ్ళూ ఒకే దిక్కుకు చూస్తున్నాయో లేదో, ఒక రంగు పక్క రంగులోకి పాకిందో లేదో, అచ్చు అతుకు గీత చెవుల వెనుక చేతికి తగులుతుందో లేదో గమనించాలి. కాగితపు గుజ్జు బొమ్మ అయితే మెడ చుట్టూ, చెవుల మొదళ్ళలో సన్నని పగుళ్ళు వెతకాలి. ఆ తరువాత చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పెట్టి చూడాలి. అసలు రంగు మీద ఎవరైనా తరువాత పూసిన రంగు ఆ వెలుగులో తరచుగా వేరే మరకలా కనిపిస్తుంది. వెలిసిన అసలు రంగు కంటే మెరిసే కొత్త రంగుకే ధర తక్కువ పలుకుతుందని చెబితే కొత్తవారు నమ్మరు.

తల ఊగడం గురించిన మాట వినడానికి బాగుంటుంది. స్ప్రింగు మెత్తగా, తల బరువుగా ఉంటే ఊపు నెమ్మదిగా సాగుతుంది. అది స్ప్రింగు స్వభావమే తప్ప నాణ్యతకు కొలత కాదు. తల భుజాలకు తగలకుండా ఊగి, ఆగాక ముందుకే చూస్తే చాలు. ఫంకో ‘పాప్’ అనే పెద్ద తల బొమ్మల్లో మార్వెల్ కామిక్స్ పాత్రల తలలు చాలావరకు ఊగుతాయి, దాని పోటీ సంస్థ డీసీ పాత్రల తలలు సాధారణంగా ఊగవు. ఈ తేడాకు కారణం లైసెన్సు ఒప్పందాలే తప్ప నాణ్యత కాదు. (మన బొమ్మల కొలువుల్లో నిలబడే తంజావూరు నాట్యకత్తె స్ప్రింగు లేకుండానే తల ఊపుతుంది. దానికి ఈ కొలత ఎలా వేస్తారో సందేశం రాసినవారే చెప్పాలి.)

అడుగున ఉన్న సంవత్సరం చాలాసార్లు కాపీరైటుది. పాత్రకో అచ్చుకో హక్కు నమోదైన ఏడాదిని అది చెబుతుంది. అదే అచ్చుతో ఆ తరువాత ఎన్నేళ్ళు బొమ్మలు తీశారో అది చెప్పదు.

‘లిమిటెడ్’ అన్న మాటకు పక్కన సంఖ్య లేకపోతే విలువ లేదు. అమెరికాలో కామిక్స్ అభిమానులకు ఏటా జరిగే శాన్ డియాగో కామిక్-కాన్ కోసం తొలి ఏళ్ళలో చేసిన కొన్ని పాప్ బొమ్మలు 480 మాత్రమే, ఆ పరిమితికి అర్థముంది. పైగా స్టిక్కరు అంటించడం బొమ్మ చేయడం కంటే సులువు కనుక, అంకెను నమ్మే ముందు అక్షరాల ముద్రణనూ, డబ్బా మీది కోడ్‌నూ, బొమ్మ మీది కోడ్‌నూ సరిచూడాలి.

ఇక డబ్బా, ధర. కొత్త బొమ్మలకు మంచి డబ్బా ధరను పెంచుతుందన్నది నిజమే. అయితే మూసిన డబ్బా బొమ్మను కాలం నుంచి కాపాడదు. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్‌లోని రసాయనాలు ఏళ్ళ తరబడి పైకి ఊరి బొమ్మ జిగురుగా మారవచ్చు, రంగు లోపలి ప్లాస్టిక్ తొడుగుకు అంటుకోవచ్చు. మన ఎండల్లో మూసిన కారు డ్యాష్‌బోర్డు మీదా, కోస్తా ఉక్కపోతలో అటక మీదా పెట్టిన డబ్బాలో ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ధర పెరిగి తీరుతుందన్న హామీకి 2023 మార్చిలోనే జవాబు వచ్చింది. 2022 చివరికి ఫంకో గోదాముల్లో సుమారు 24.6 కోట్ల డాలర్ల సరుకు పేరుకుపోయింది. దాన్ని ఉంచుకునే ఖర్చు భరించలేక, అందులో 3 కోట్ల నుంచి 3.6 కోట్ల డాలర్ల విలువైన సరుకును పారేస్తున్నట్టు ఆ సంస్థే ప్రకటించింది. అది దుకాణాల దాకా పోని సరుకు. వాటి డబ్బాలను ఎవరూ విప్పలేదు. ఎవరైనా ఒక బొమ్మకు పెద్ద ధర చూపిస్తే, అది అమ్మేవారు అడుగుతున్న ధరా, నిజంగా అమ్ముడైన ధరా అని ముందు అడగాలి. ఈబే అనే ఆన్‌లైన్ అంగడిలో అమ్ముడైనవాటిని విడిగా చూసే వీలుంది. అదే బొమ్మ, అదే స్థితిలో, ఈ మధ్య కొన్ని నెలల్లో ఎంతకు పోయిందో అక్కడ కనబడుతుంది.