రాసేది ముప్పై అయిదు, ఇచ్చేది ఎనభై

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట ఏ డాక్యుమెంట్ రైటర్ దగ్గర కూర్చున్నా, సర్వే నంబరు, హద్దులు రాసుకున్నాక వచ్చే ప్రశ్న ఒకటే: ‘ఎంతకు రాయమంటారు?’ ఎంతకు కొన్నారని ఆయన అడగడు. 80 లక్షలకు బేరం తెగిన ప్లాటు దస్తావేజులో 35 లక్షలవుతుంది. మిగతా 45 లక్షలు సంచిలో చేతులు మారతాయి. అమ్మేవారికి, కొనేవారికి, మధ్యవర్తికి, సాక్షి సంతకం పెట్టిన బావమరిదికి కూడా సంగతి తెలుసు. ఎవరిలోనూ బెరుకు కనిపించదు. ఇందులో అందరికంటే ఎక్కువ మునిగేది కొన్నవాడే. ఆ మాట ఆయనకు చెప్పేవాళ్లు మాత్రం ఆ గదిలో ఎవరూ ఉండరు.

లెక్క వేసి చూద్దాం. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ మామూలు అమ్మకపు దస్తావేజుకు స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం పడుతోంది. 45 లక్షలు దాచినందుకు మిగిలేది 3,37,500 రూపాయలు. మూడేళ్ల తర్వాత అదే ప్లాటును 1.2 కోట్లకు అమ్మాలనుకున్నారు. ఈసారి వచ్చింది బ్యాంకు లోనుతో కొనే ఉద్యోగి, మొత్తం వైట్ అన్నాడు. కాగితం ప్రకారం లాభం 85 లక్షలు. దీర్ఘకాలిక మూలధన లాభం కింద 12.5 శాతం చొప్పున పన్ను 10,62,500, సెస్సు అదనం. నిజంగా వచ్చిన లాభం 40 లక్షలే కదా, దానికైతే 5 లక్షలతో పోయేది. అంటే మూడు లక్షల ముప్పై ఏడు వేలు మిగుల్చుకోబోయి అయిదు లక్షల అరవై రెండు వేలు వదిలించుకున్నట్టు. 2024 జూలై 23కు ముందు కొన్నవారికి ద్రవ్యోల్బణం లెక్క కలుపుకొని 20 శాతం కట్టే వెసులుబాటు ఉంది కానీ, ఆ లెక్క కూడా దస్తావేజులో ఉన్న 35 మీదే నడుస్తుంది. సంచిలో ఇచ్చిన సొమ్ముకు ద్రవ్యోల్బణం వర్తించదు!

పన్ను సంగతి అలా ఉంచి, హక్కులో తేడా వస్తే ఏమిటి? రేపు ఎవరో వారసుడు కోర్టుకెక్కి దస్తావేజు రద్దయితే, తిరిగి అడగడానికి చేతిలో ఉన్న ఆధారం 35 లక్షలకే. బ్లాక్‌కు రసీదు రాసిచ్చిన అమ్మకందారును మేమైతే ఇంతవరకు చూడలేదు. పైగా ఆ నగదు గురించి నోరు విప్పినా ముప్పే. స్థలం బయానా అయినా సరే, 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదని 2015 జూన్ నుంచి నిబంధన ఉంది. తీసుకున్నవారికి తీసుకున్నంత జరిమానా పడవచ్చు. బెంగళూరు స్థలం తగాదాలో 75 లక్షలు నగదుగా ఇచ్చామని ఒక పక్షం చెప్పుకొంది. ఆ కేసులో 2025 ఏప్రిల్‌లో తీర్పిచ్చిన సుప్రీంకోర్టు, రెండు లక్షలు, ఆపైన నగదు ఇచ్చామని ఎవరు దావా వేసినా ఆ సమాచారం ఆదాయపు పన్ను శాఖకు పంపాలని కింది కోర్టులను ఆదేశించింది. నా డబ్బు ఇప్పించండి అని కోర్టుకు వెళ్లినవాడు, ఆ డబ్బు ఎక్కడిదో చెప్పుకోవాల్సిన స్థితిలో పడతాడు.

హక్కు మాట వచ్చింది కనుక మరో భ్రమ గురించీ చెప్పాలి. రిజిస్ట్రేషన్ అయిపోయింది కాబట్టి ఆస్తి మనదేనని చాలామంది ధీమా. మన చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రార్ నమోదు చేసేది పత్రాన్ని. అమ్మినవాడికి అసలు హక్కు ఉందా లేదా అన్నది ఆయన తేల్చడు. నిషేధిత జాబితాలో లేకపోతే, ఫీజు కడితే, పత్రం నమోదవుతుంది. ఈసీ (ఆస్తిపై జరిగిన పాత లావాదేవీలు చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల 22ఏ జాబితా, అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) కాదన్న నిర్ధారణ, ఇవన్నీ బయానా ఇవ్వకముందే కొనేవాడు చూసుకోవాలి. నోటరీ అగ్రిమెంటు, జీపీఏ (మరొకరి తరఫున వ్యవహరించే అధికార పత్రం)లతో స్థలం సొంతం కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చినా, ఊరి చివరి వెంచర్లలో ఆ కాగితాల అమ్మకం ఇంకా ఆగలేదు.

టీడీఎస్, అంటే అమ్మినవారికి ఇచ్చే సొమ్ములోంచి ముందే కోసి కట్టే పన్ను, దాని సంగతి కూడా చాలామందికి నోటీసు వచ్చాకే తెలుస్తుంది. వ్యవసాయ భూమి కాని ఆస్తి విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం కోసి కట్టాల్సింది కొన్నవారే. భార్యాభర్తల పేర్ల మీద సగం సగం కొన్నా విలువ కలిపే చూస్తారు. అమ్మేది అమెరికాలోనో గల్ఫ్‌లోనో స్థిరపడిన ప్రవాసి అయితే ఈ 50 లక్షల పరిమితి లేదు, ఒక శాతంతో సరిపోదు. రెండేళ్లు దాటిన ఆస్తికి 12.5 శాతం, దానిపై సర్‌చార్జి, సెస్సు. లాభాన్ని బట్టి తక్కువ కోతకు అమ్మకందారు ముందే పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అమీర్‌పేటలో ఫ్లాటు, ఓనరు డాలస్‌లో, సంతకం పెట్టేది ఇక్కడి మామయ్య అన్నప్పుడు కొనేవాళ్లు మొదట అడగాల్సింది ఇదే. కోయకపోతే ఆ పన్ను, దానిపై వడ్డీ కొన్నవారి మెడకే చుట్టుకుంటాయి.

తప్పంతా జనం మీదకు నెట్టడం న్యాయం కాదు. గజం ధర బయట ఒకటి, సర్కారు పుస్తకంలో మరొకటి ఉన్నంతకాలం, పూర్తి ధర రాయించినవాడు అమాయకుడిలా మిగిలిపోతాడు. తెలంగాణ ఏర్పడ్డాక 2021 జూలై దాకా విలువలు సవరించలేదు. సవరించినరోజే రేటునూ 6 శాతం నుంచి 7.5 శాతానికి పెంచారు. విలువా పెరిగి రేటూ పెరిగితే జనం నిజం రాస్తారని ఎలా అనుకున్నారో!

ఈ అబద్ధపు ధరలకు మూల్యం చెల్లించేవాళ్లలో స్థలం కొనని, అమ్మని రైతులూ ఉన్నారు. 2013 భూసేకరణ చట్టం పరిహారానికి చూసే కొలమానాల్లో ఒకటి స్టాంపుల చట్టం కింద ఖరారైన విలువ. మరొకటి, చుట్టుపక్కల గత మూడేళ్లలో జరిగిన అమ్మకాల్లో ఎక్కువ ధర చూపిన సగం దస్తావేజుల సగటు. పక్క పొలం కోటిన్నరకు అమ్ముడై ఇరవై లక్షలకు రిజిస్టరైతే, రోడ్డు కోసం పొలం పోతున్న రైతుకు అధికారులు చూపించేది ఆ ఇరవై లక్షల కాగితమే. తెలంగాణలో రీజినల్ రింగు రోడ్డు కింద భూములు పోతున్నవారి ఆందోళనలో ప్రధానంగా వినిపిస్తున్నదీ బహిరంగ మార్కెట్ ధర ఇవ్వాలన్న మాటే. ధరలు తక్కువగా ఉంచింది తానే, ఆ తక్కువ ధరకే భూమి తీసుకునేదీ తానే అయినప్పుడు, విలువల సవరణకు ప్రభుత్వానికి తొందర ఎందుకుంటుంది?

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ముందుగా రేటు తగ్గించాలి. 7.5 శాతాన్ని 5 దగ్గరకు తెచ్చి, ఏటా ఒక నిర్ణీత తేదీన విలువలను వాస్తవ ధరలకు చేర్చాలి. విలువ పెంచి రేటు తగ్గిస్తే ఖజానాకు పెద్దగా గండి పడదు. రేటు అలాగే ఉంచి విలువ మాత్రమే పెంచితే, సంచి ఇంకాస్త బరువెక్కుతుంది.