హామీ వేరు, క్లాజు వేరు

మన ఎంపీ పార్లమెంటును దద్దరిల్లజేశాడంటూ వీడియో ముక్కలు తిప్పుకునేవాళ్లకు ఒక మాట. ఆ గర్జనతో బిల్లులో ఒక్క కామా కూడా మారదు. మారాలంటే సవరణ నోటీసు ఇవ్వాలి, దాన్ని సభలో ప్రతిపాదించాలి, అది నెగ్గాలి. ఈ మూడింటి గురించి మన టీవీ చర్చల్లో ఎవడూ నోరు విప్పడు.

తెలుగువాళ్లకు దీని విలువ వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. 2014 ఫిబ్రవరి 18న ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన లోక్‌సభలో విభజన బిల్లు మూజువాణి ఓటుతో (‘అవును’, ‘కాదు’ అని నోటితో అరిచి చెప్పే ఓటు) గట్టెక్కింది. 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్ల ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. అన్నారు, రాయలేదు. రాజ్యసభ ఒక్క అక్షరం మార్చినా బిల్లు తిరిగి లోక్‌సభకు వెళ్లి అక్కడ మళ్లీ ఆమోదం పొందాలి. ఆ లోక్‌సభ ఆఖరి సమావేశాలేమో మర్నాడే ముగిశాయి. హోదా క్లాజులోకి (బిల్లులో అంకె వేసి రాసే ఒక్కో అంశం) ఎక్కకుండా సభా రికార్డుల్లో ఒక పేరాగా ఉండిపోయింది. తర్వాత ఏమైందో రెండు రాష్ట్రాలకూ తెలుసు.

చట్టంలోకి ఎక్కినవాటినీ చూడండి. విభజన చట్టం 13వ షెడ్యూలులో కడప జిల్లా ఉక్కు కర్మాగారం గురించి ఉన్నదేమిటి? ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి అని. ఖమ్మం ఉక్కుకీ అదే, తెలంగాణ కోచ్ ఫ్యాక్టరీకీ అదే. కాబట్టి పరిశీలించి ‘గిట్టుబాటు కాదు’ అని ఫైలు మూసేసినా చట్టాన్ని ఉల్లంఘించినట్టు కాదు. పరిశీలించాలి, నెలకొల్పాలి: ఈ రెండింటి మధ్య దూరాన్ని పూడ్చే అవకాశం క్లాజుల వారీ పరిశీలనలోనే ఉంటుంది. అది దాటిపోయాక మూడో పఠనంలో, అంటే మొత్తం బిల్లుపై చివరి ఓటు దశలో, మాటల దిద్దుబాట్లు, ముందు చేసిన సవరణల వల్ల తప్పనిసరైన మార్పులు తప్ప ఇంకేవీ ఒప్పుకోరు.

ఇక ఆ దశ ఎలా నడుస్తుందంటే, లోక్‌సభలో బిల్లు చర్చకు వచ్చే రోజుకు కనీసం ఒక రోజు ముందు సవరణ నోటీసు అందాలి. సవరణ బిల్లు పరిధిలోనే ఉండాలి, ఆ క్లాజుకు సంబంధించినదై ఉండాలి, సభ అప్పటికే తీసుకున్న నిర్ణయానికి ఎదురు వెళ్లకూడదు. క్లాజును అర్థం కాకుండానో వ్యాకరణం తప్పేలానో చేసే సవరణ కూడా చెల్లదు. (ఈ చివరి షరతు అసలు బిల్లులు రాసేవాళ్లకూ పెడితే బాగుండేది.) ఓటింగ్ రెండో క్లాజుతో మొదలై షెడ్యూళ్ల దాకా వెళ్తుంది. చట్టం పేరుండే ఒకటో క్లాజు ఆ తర్వాతే.

ఎవరూ సవరణ ఇవ్వని క్లాజులను విడివిడిగా చదవరు. ‘2 నుంచి 35 వరకు క్లాజులు బిల్లులో భాగమగుగాక’ అని మూటగట్టి ఒకే ఓటుతో దాటిస్తారు. నోటీసు ఇచ్చిన సభ్యుడు పేరు పిలిచినప్పుడు సీట్లో లేకపోతే ఆ సవరణ పోయినట్టే. బయట మైకుల ముందు మాట్లాడుతూ లోపల సవరణ పోగొట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

మూజువాణి ఓటులో ఎవరు అటో ఎవరు ఇటో పేర్లు ఉండవు. పేర్లు రికార్డు కావాలంటే డివిజన్ (ఒక్కొక్కరి ఓటు లెక్కించే పద్ధతి) అడగాలి. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో సాగు బిల్లులపై విపక్షం డివిజన్ కోరింది. సభ్యులు తమ స్థానాల్లో లేరన్న కారణం చెప్పి మూజువాణి ఓటుతోనే ముగించారు. ఏడాది పైచిలుకు ఆందోళన తర్వాత, 2021 నవంబరు 29న అవే చట్టాలను ఉభయ సభలూ చర్చ లేకుండానే రద్దు చేశాయి. రావడంలోనూ పోవడంలోనూ క్లాజులను పట్టించుకున్న నాథుడు లేడు.

ప్రభుత్వం మాత్రం సవరణ శక్తిని బాగా ఎరుగును. పరిధి దాటిన సవరణ చెల్లదన్న నిబంధన ఉందా? మంత్రి లేచి, ఆ నిబంధనను ఈ సవరణ వరకు సస్పెండ్ చేయమని తీర్మానం పెడతారు, సభ సరేనంటుంది. 2017 ఆర్థిక బిల్లునే తీసుకోండి. ట్రైబ్యునళ్ల విలీనం, పార్టీలకు కంపెనీల విరాళాలపై లాభాల్లో 7.5 శాతం పరిమితి ఎత్తివేత, ఇవి ఫిబ్రవరిలో పెట్టిన బిల్లులో లేవు. మార్చిలో అధికారిక సవరణలుగా వచ్చి చేరాయి, మర్నాడే లోక్‌సభ ఆమోదించింది. పైగా అది ద్రవ్య బిల్లు, రాజ్యసభ సూచించడమే తప్ప శాసించలేదు. 2024 ఫిబ్రవరిలో ఎన్నికల బాండ్లతోపాటు (పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చే పత్రాలు) ఆ విరాళాల పరిమితి ఎత్తివేతనూ సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఏడేళ్లు నడిచింది.

దీనికి మందు స్థాయీ సంఘాలు, అంటే బిల్లులను శాఖల వారీగా పరిశీలించే ఎంపీల కమిటీలు అంటారు. నిజమే, కొంతవరకు. 24 సంఘాలు, ఒక్కోదాంట్లో 31 మంది, 21 లోక్‌సభ నుంచి, 10 రాజ్యసభ నుంచి. అక్కడ కెమెరాలుండవు, విప్ (ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం) ఉండదు. అధికార పక్ష సభ్యుడు కూడా శాఖ కార్యదర్శిని నిలదీయగలడు. కానీ బిల్లు పంపడం తప్పనిసరి కాదు, సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడక్కర్లేదు. 15వ లోక్‌సభలో (2009-14) 71 శాతం బిల్లులు సంఘాలకు వెళ్తే, 17వ లోక్‌సభలో (2019-24) 16 శాతమే. వ్యక్తిగత డేటా బిల్లుపై ఉభయ సభల సంయుక్త సంఘం రెండేళ్లు కూర్చుని 81 సవరణలు చెప్పింది. 2022 ఆగస్టులో ప్రభుత్వం ఆ బిల్లునే వెనక్కి తీసుకుంది. ఏడాది తర్వాత తెచ్చిన కొత్తదాన్ని సంఘానికి పంపకుండా వారంలో ఉభయ సభలూ దాటించింది. వక్ఫ్ బిల్లుపై వేసిన సంయుక్త సంఘంలో విపక్షం పెట్టిన 44 సవరణలూ వీగిపోయి, అధికార కూటమివే 14 నెగ్గాయి. సంఘంలోనూ సభలో లెక్కలే నడిస్తే అది ఇంకో సభే.

అసలు ముడి రాజ్యాంగంలో 1985 నాటి పదో షెడ్యూలు దగ్గర ఉంది. ఫిరాయింపులు ఆపాలని తెచ్చారు, అవి ఆగాయో లేదో మీకే తెలుసు. విప్‌ను ధిక్కరించి ఓటేస్తే పదవి పోవచ్చు, అది విశ్వాస తీర్మానమైనా సరే, పదిహేడో క్లాజులో చిన్న సవరణైనా సరే. ఎదుటివారి సవరణ మంచిదని తెలిసినా అధికార పక్ష ఎంపీ ‘నో’ అనాల్సిందే. ప్రభుత్వ మనుగడ ఆధారపడ్డ ఓట్లకే విప్ వర్తించేలా మారిస్తే చాలు, సవరణల దశకు ప్రాణం వస్తుంది.

అంతవరకు ఓ పని చేయండి. సవరణల జాబితా సభ్యులకు పంచుతారు, చర్చల పాఠం పార్లమెంటు వెబ్‌సైట్లో దొరుకుతుంది. మీ ఎంపీ ఊరికి వచ్చినప్పుడు ఎన్నిసార్లు మాట్లాడారని అడగొద్దు. ఏ క్లాజుకు సవరణ ఇచ్చారు, పేరు పిలిచినప్పుడు సీట్లో ఉన్నారా, డివిజన్ అడిగారా అని అడగండి.