సవరణ: బెంగళూరు ఎండ, సన్‌స్క్రీన్ లెక్క

పోయిన వారం ఇక్కడ మూడు మాటలు రాశాను. బెంగళూరు ఎండ మనవైపు ఎండంత చెడ్డది కాదని, ఎస్‌పీఎఫ్ (ఎండను ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) 50 ఉన్న సన్‌స్క్రీన్ పొద్దున ఒకసారి రాసుకుంటే సాయంత్రం దాకా చాలని, అదీ శనగగింజంత సరిపోతుందని. మూడూ తప్పే.

ఊరు చల్లగా ఉందంటే అతినీలలోహిత కిరణాలు తక్కువని కాదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు పోయేకొద్దీ ఆ కిరణాల జోరు పెరుగుతుంది. ఒంటికి చెమట పట్టదు కాబట్టి మనకు తెలియదు, అంతే. ఆ కిరణాల్లో చర్మాన్ని తొందరగా ముడతలు పడేలా చేసే రకం యూవీఏ. అదయితే మబ్బుల్లోంచీ, మామూలు కిటికీ అద్దంలోంచీ కూడా వస్తుంది. మారతహళ్లి ట్రాఫిక్‌లో గంటసేపు కారులో కూర్చుని నీడలోనే ఉన్నాననుకున్నది నేనే!

ఇక ఎస్‌పీఎఫ్ అంకె గంటల లెక్క కాదు. అది ముఖ్యంగా చర్మం కమిలిపోయేలా చేసే ఇంకో రకం, యూవీబీ గురించి: సరిపడా రాస్తే 30 దాదాపు 97 శాతం, 50 దాదాపు 98 శాతం అడ్డుకుంటాయి. ఏది రాసినా, బయట తిరిగేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాయాల్సిందే. యూవీఏ కోసం ట్యూబు మీద పీఏ (యూవీఏను ఎంత అడ్డుకుంటుందో చెప్పే గుర్తు) పక్కనున్న ప్లస్ గుర్తులు చూడండి, ఎన్ని ఎక్కువుంటే అంత మేలు.

శనగగింజంత చాలన్నదీ వెనక్కి తీసుకుంటున్నాను. ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండినంత కావాలి.