మామగారి వేలిముద్ర, బావమరిది డ్రైవర్లు

నవంబరు వచ్చిందంటే కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లందరూ తాము ఇంకా బతికే ఉన్నామని రుజువు చూపించుకోవాలి. మా మామగారు తపాలా శాఖలో రిటైరయ్యారు. 2014లో జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ పద్ధతి మొదలైనప్పటి నుంచి ఇంట్లో కూర్చుని వేలిముద్ర వేసినా చాలు. బ్యాంకు క్యూలో నిలబడే బాధ ఎందుకని మా బావమరిది వేలిముద్ర యంత్రం కొనేశాడు. తెనాలిలో వాళ్లింట్లో కంప్యూటర్ కిటికీ పక్కన, మామగారి పడక కుర్చీ టీవీ ఎదురుగా ఉంటాయి. కంప్యూటర్‌నైనా జరపొచ్చేమో గానీ ఆ కుర్చీ జోలికి ఎవరూ పోరు. అందుకని మధ్యలో పొడుగాటి యూఎస్‌బీ వైరు పరిచారు.

మామగారు ముఖం కడుక్కుని, విభూతి పెట్టుకుని వచ్చి కూర్చున్నారు. వేలు పెట్టబోయేసరికి కంప్యూటర్ టుడుంగ్‌మంది. తగిలించినవాటి జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం, దాని పక్కన 'అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్', కోడ్ 43.

"అంటే ఏంట్రా?"

"ఏది తగిలించినా కంప్యూటర్ నువ్వెవరని అడుగుతుంది నాన్నా. ఇది జవాబు చెప్పట్లేదు."

"అడ్రసు చెరిగిపోయిన ఉత్తరమన్నమాట. మా రోజుల్లో డెడ్ లెటర్ ఆఫీసుకి పంపేవాళ్లం" అని ఆయన కాఫీకి లేచారు. లేచీ లేవగానే యంత్రంలో ఎర్ర దీపం వెలిగింది. బావమరిది కేకేశాడు. మామగారు గ్లాసుతో సహా పరుగున వచ్చి కూర్చున్నారు. మళ్లీ టుడుంగ్.

"డ్రైవర్ ప్రాబ్లెం బావా" అన్నాడు నాతో. డ్రైవర్ అంటే, తగిలించిన పరికరంతో ఎలా మాట్లాడాలో కంప్యూటర్‌కి నేర్పే చిన్న సాఫ్ట్‌వేర్. అతను చదివింది సివిల్ ఇంజినీరింగే గానీ, ఆ ఇంట్లో కంప్యూటర్ విషయంలో చివరి మాట అతనిదే. ఆ జాబితాలో యూఎస్‌బీ హబ్ అన్న పేరు మీద రెండుసార్లు నొక్కి డ్రైవర్ తేదీ చూశాడు. 21 జూన్ 2006. "చూశావా? అప్పుడు నేను మూడో క్లాసు!"

పాపం, ఆ తేదీ చూసి కంగారుపడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. విండోస్‌తో పాటు వచ్చే డ్రైవర్ ఎంత కొత్తదైనా దాని మీద అదే పాత తేదీ వేసే అలవాటు ఉంది. పరికరం తయారుచేసినవాళ్ల డ్రైవర్ కూడా ఉంటే, కొత్త తేదీ ఉన్న అదే నెగ్గాలని. నేనీ సంగతి చెప్పేలోపే అతను డ్రైవర్లన్నీ ఉచితంగా అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్ ఒకటి దించాడు. అది ఇల్లంతా సోదా చేసి డజన్ల కొద్దీ తప్పులు పట్టింది. బాగుచేయమంటే మాత్రం కార్డు నంబరు అడిగింది.

ఇక మిగిలింది ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పిన బ్రహ్మాస్త్రం. యూఎస్‌బీ పోర్టులని నడిపించే కంట్రోలర్లన్నిటినీ వరసగా అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే విండోస్ వాటిని మళ్లీ తనే వేసుకుంటుంది. వైద్యం మంచిదే. రీస్టార్ట్ దాకా మౌస్ పనిచేస్తేనే చిక్కు లేదు. ఇప్పటి కంప్యూటర్లు చాలావాటిలో కంట్రోలర్ ఒక్కటే ఉంటుంది. కీబోర్డు, మౌస్, వేలిముద్ర యంత్రం అన్నీ దాని మీదే బతకాలి. బావమరిది హోస్ట్ కంట్రోలర్ అన్న పేరు మీద కుడిబటన్ నొక్కాడు, అన్‌ఇన్‌స్టాల్ అన్నాడు. రీస్టార్ట్ చేయమంటావా అని కంప్యూటర్ మర్యాదగానే అడిగింది. 'ఎస్' అని చెప్పడానికి మౌస్ లేదు. కీబోర్డు మీద ఎంటర్ కొట్టాడు. అదీ పోయింది. పాత కంప్యూటర్లలో కీబోర్డుకీ మౌస్‌కీ యూఎస్‌బీతో పనిలేని ఊదారంగు, ఆకుపచ్చ రంగు గుండ్రటి పిన్నులవి ఉండేవి చూడండి, అవుంటే గట్టెక్కేవాడు.

"బిల్ గేట్స్ అంతటివాడికే తప్పలేదు బావా" అన్నాడు చెమట తుడుచుకుంటూ. నిజమే. 1998 ఏప్రిల్‌లో చికాగోలో విండోస్ 98 గొప్పదనం చూపిస్తూ, ఆయన పక్కనే ఉన్న ఉద్యోగి యూఎస్‌బీ స్కానర్ తగిలించగానే విండోస్ కుప్పకూలి తెరంతా నీలంగా మారింది. వేదిక మీద, జనం ముందు. అయితే గేట్స్‌గారి వెనక మామగారు లేరు.

పవర్ బటన్ ఒకసారి మెల్లగా నొక్కితే కంప్యూటర్ పద్ధతిగా ఆగుతుందని నేను చెబుతూనే ఉన్నాను. మామగారు లేచి గోడ స్విచ్ ఆపేశారు. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పోయింది కాబట్టి మాట ఖర్చు లేకుండా తెర చీకటైంది.

మళ్లీ వెలిగించేసరికి విండోస్ చెప్పినట్టే కంట్రోలర్‌ని వెతికి తెచ్చుకుంది. మౌస్ కదిలింది. ఎర్ర దీపమూ వెలిగింది. బావమరిది కాలరెగరేశాడు. మామగారు వచ్చి కూర్చున్నారు. టుడుంగ్.

"ఇంక విండోస్ మొత్తం తీసేసి..." అని అతను మొదలుపెట్టాడు.

అప్పటిదాకా గుమ్మంలో గోరుచిక్కుళ్లు తుంచుకుంటున్న అత్తగారు, "ఏవండీ, ఒకసారి లేవండి" అన్నారు. లేచారు. దీపం. "కూర్చోండి." టుడుంగ్. ఆవిడ వంగి కుర్చీ కోడు కింద నలిగిన వైరుని బయటికి లాగారు. పైతొడుగు చిట్లి లోపలి తీగలు కనిపిస్తున్నాయి. మామగారి బరువు పడితే తెగుతాయి, లేస్తే కలుస్తాయి.

ఆ వైరు తీసేసి యంత్రాన్ని నేరుగా కంప్యూటర్ వెనక తగిలించాం. మామగారు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, ఆయన హోదాకి అది తక్కువే అయినా, వేలు వేశారు. బతికే ఉన్నారని తేలింది. ఆ సర్టిఫికెట్ నంబరు, ప్రమాణ్ ఐడీ, ఫోనుకి మెసేజ్‌గా వచ్చింది.

"కాగితం చేతిలో పడందే నాకు నమ్మకం లేదు. ప్రింటు తియ్యరా."

బావమరిది ముఖం వెలిగిపోయింది. "ప్రింటర్ డ్రైవర్ కూడా పాతదే నాన్నా, ఒక్క అయిదు నిమిషాలు..."

ఈసారి గోడ స్విచ్ ఆపింది అత్తగారు.