పసుపు కూనపై పంచాయితీ

పర్లాకిమిడిలోని మా ఇంటికీ, పాతపట్నంలోని మా బావగారి ఇంటికీ మధ్య ఒక రాష్ట్ర సరిహద్దు ఉన్నది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడిననాడు మా ఊరు అటుపోయి, వారి ఊరు ఇటు నిలిచిపోయినా, పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు మాత్రం నేటికీ ఆగలేదు గనుక, మా నల్ల లాబ్రడార్ ‘వెన్నెల’ ఎదకు వచ్చినప్పుడు వరుడి కోసం మేము దూరం పోవలసిన పని పడలేదు. బావగారి ‘సుల్తాన్’ కూడా కారునలుపే. రెండింటికీ మూడేసి తరాల వంశావళి కాగితాలున్నాయి. మా ముత్తాతగారి పేరు చెప్పమంటే నేను తడబడతాను గాని, వెన్నెల ముత్తవ్వ పేరు మా ఆవిడ నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు.

కట్నకానుకలు లేని సంబంధమే అయినా ఒక షరతు ఉన్నది: పుట్టిన కూనల్లో మొదటి ఎంపిక మగకుక్క యజమానిది. వెన్నెల పాతపట్నం నుండి తిరిగివచ్చిన మరునాటి ఉదయం పాలప్యాకెట్ కోసం బయలుదేరిన నేను గేటుకు గడియ పెట్టడం మరిచాను. అరగంట వెతికిన మీదట అది వీధి చివరి టీబడ్డీ దగ్గర, బాఘా అనే గోధుమరంగు ఊరకుక్క సరసన, ఇంట్లో చెప్పకుండా సినిమాకు పోయిన కాలేజీపిల్లలా తల దించుకొని నిలబడి దొరికింది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు అసలే చెప్పలేదు.

రెండు నెలలు దాటగానే వెన్నెల ఏడు కూనలను పెట్టింది. మొదటి అయిదూ కాటుక ముద్దల్లా ఉన్నాయి. ఆరవది చాక్లెట్ రంగులోనూ, ఏడవది లేత పసుపుగానూ బయటపడేసరికి నాకు ముచ్చెమటలు పోశాయి. పక్కింటి మావుసి గోడ మీదుగా తొంగిచూసి, ఇది అచ్చం బాఘా మొహమేనని ఒడియాలో తీర్పు చెప్పింది. కళ్లైనా తెరవని కూన మొహంలో పోలికలు పట్టగల ఆ ప్రజ్ఞను మెచ్చుకొనే స్థితిలో నేను లేను. సాయంత్రానికి బావగారు దిగి, పసుపు కూనను తోకతో సహా పైకెత్తి చూసి, “బావగారూ, మా సుల్తాన్ ఇంత పనికి ఒడిగట్టడు. మీ వీధినే విచారించుకోండి” అన్నారు. అప్పుడు మా ఆవిడ నా వైపు చూసిన చూపులో గేటు గడియ స్పష్టంగా కనిపించింది.

మర్నాడు పంచాయితీ పశువైద్యుని ముందుకు వెళ్లింది. ఆయన మా వాదనలన్నీ ఓపికగా విని, మందులచీటీ వెనుక పదహారు గళ్లు గీసి, బఠాణీ మొక్కలతో మెండెల్ 1866లోనే అచ్చువేసిన లెక్కను మా కూనల మీద ప్రయోగించారు. లాబ్రడార్ల రంగును ముఖ్యంగా రెండు జన్యువులు నడుపుతాయట. ఒకటి నలుపా, చాక్లెట్టా అన్నది తేలిస్తే, రెండవది ఆ రంగును వెంట్రుకలలోకి రానిస్తుందో, ఆపి పసుపుగా మిగులుస్తుందో నిర్ణయిస్తుందట. పైకి నల్లగా ఉన్న తల్లీతండ్రీ ఇద్దరూ చాక్లెట్‌నూ పసుపునూ లోపల దాచుకొని ఉంటే, పదహారింట సగటున తొమ్మిది నల్లవి, మూడు చాక్లెట్‌వి, నాలుగు పసుపువి రావాలట. 1899లో ఇంగ్లండులో పుట్టిన బెన్ ఆఫ్ హైడ్ అనే పేరుపొందిన పసుపు లాబ్రడార్‌కు కూడా తల్లీతండ్రీ నల్లవేనట.

“ఎదలో ఉండగా ఇది బయటికేమైనా పోయిందా?” అని ఆయన అడిగారు. ఆడకుక్క కొన్ని రోజులపాటు మగకుక్కలను రానిస్తుందనీ, మగబీజం దాని కడుపులో రోజుల తరబడి బతికి ఉంటుందనీ, అందువల్ల ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల కూనలు కూడా పుట్టవచ్చుననీ వివరించారు. గడప దాటలేదండీ అని, కోర్టులో సాక్షి చెప్పినంత నిబ్బరంగా చెప్పాను.

“దాటినా ఈ పసుపుదానికి సంబంధం లేదు లెండి,” అన్నారాయన. ఊరకుక్కల గోధుమరంగు సాధారణంగా వేరే జన్యువు వల్ల వస్తుందనీ, లాబ్రడార్ తల్లి ఇచ్చే నలుపు దానిని కప్పేస్తుందనీ, కాబట్టి బాఘా కూనలే అయితే నల్లగా పుట్టి ఉండేవనీ తేల్చారు.

నా గుండెల మీది బరువు ఎంత తేలికయిందంటే, చివరి వాక్యం అర్థం కావడానికి నాకు ఇల్లు చేరేదాకా పట్టింది. అప్పటికే బావగారు, “అయినా నాకు అసలుసిసలు నలుపే కావాలి” అంటూ, అయిదింటిలో మిక్కిలి నల్లనిదాన్ని, మిక్కిలి చురుకైనదాన్ని ఎంచి తువ్వాలులో చుట్టుకొంటున్నారు. దాని మూతి కొంచెం సన్నంగా ఉన్నదని నాకు తోచింది. తోచినవన్నీ బావగార్లకు చెప్పాలని ఎక్కడా లేదు.

నాలుగు నెలలు గడిచాక ఆయన దానిని వెంటబెట్టుకొని వచ్చారు. లాబ్రడార్‌కు మొదలు దగ్గర లావుగా, చుట్టుకోకుండా తిన్నగా ఉండవలసిన తోక దీనికి జిలేబీలా వీపు మీదికి చుట్టుకొని ఉన్నది. వేలాడవలసిన చెవులు రెండూ వార్తలు వింటున్నట్లు నిలబడి ఉన్నాయి. మా వీధి మలుపులో అది బావగారి చేతిలోని గొలుసును లాక్కొని నేరుగా టీబడ్డీ వైపు పరుగెత్తింది. బల్ల కింద పడుకొన్న బాఘా లేచి నిలబడగా, రెండు తోకలూ ఒకే వైపు ఒకే చుట్టు తిరిగి ఉన్నాయి. టీబడ్డీ ముసలాయన చెరొక బిస్కెట్టు వేశాడు.

బావగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత, “ఆ పసుపు కూన ఇంకా మీ ఇంట్లోనే ఉన్నదా?” అని మెల్లగా అడిగారు. నేను జవాబు చెప్పేలోపు, గేటు దగ్గర నిలబడి ఉన్న మా ఆవిడ చప్పుడయ్యేలా గడియ వేసింది.