శుక్రవారం, 1980 అక్టోబరు 31: పాత కామిక్స్‌లో తేదీలు ఎందుకు నవ్విస్తాయి?

అమెరికాలో వెలువడిన ఎక్స్-మెన్ అనే సూపర్‌హీరోల కామిక్ 141వ సంచిక ముఖచిత్రం మీద 1981 జనవరి అని ఉంటుంది. లోపలి కథ మాత్రం 1980 అక్టోబరు 31, శుక్రవారం నాడు జరుగుతుంది. పాత క్యాలెండర్ తీసి చూస్తే ఆ రోజు నిజంగానే శుక్రవారం. అధ్యక్ష ఎన్నికకు అప్పటికి ఇంకా నాలుగు రోజులుంది. ఇటీవలి కాలంలో ఇంత హోరాహోరీగా సాగిన ఎన్నికలు అరుదన్న అర్థంలో రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ ఒక వ్యాఖ్య కూడా చేశారు. సంచిక అక్టోబరులోనే దుకాణాలకు చేరింది కాబట్టి, అది రాసేనాటికి ఫలితం ఎవరికీ తెలియదు. నవంబరు 4న రోనాల్డ్ రీగన్ 50 రాష్ట్రాల్లో 44 గెలుచుకుని, 49 ఎలక్టోరల్ ఓట్లకే పరిమితమైన జిమ్మీ కార్టర్‌ను 489 ఓట్లతో చిత్తుగా ఓడించారు. ముఖచిత్రం మీద ముద్రించిన నెల గడిచేలోపే, జనవరి 20న, కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం కూడా పూర్తయింది.

ఇప్పుడు ఆ వ్యాఖ్య చదివితే నవ్వు వస్తుంది, రావాలి కూడా. అయితే రచయిత తప్పులో కాలేశాడని నవ్వేవారికి దక్కేది సగం సరదాయేనని నా అభిప్రాయం. మిగతా సగం దక్కాలంటే పాత కామిక్ ఒక్కొక్కదానిలో మూడు క్యాలెండర్లు ఒకేసారి నడుస్తున్నాయని గమనించాలి. పుస్తకం మీద వేసిన నెల ఒకటి, అది నిజంగా అమ్మకానికి వచ్చిన రోజు ఒకటి, కథలో పాత్రలు బతికే కాలం మరొకటి. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగని చోటే హాస్యం పుడుతుంది.

ముందు తేదీ వేయడం వెనుక ఉన్నది వట్టి వ్యాపార లెక్క. ముఖచిత్రం మీది నెల పాఠకుడికంటే దుకాణదారుడికే ఎక్కువ అవసరం, ఎందుకంటే అమ్ముడుపోని ప్రతులను స్టాల్ నుంచి ఎప్పుడు తీసి వెనక్కి పంపాలో అది చెబుతుంది. నెల పాతబడినట్టు కనిపిస్తే కొనేవాడు పక్కనున్న మరో పుస్తకం వైపు చెయ్యి చాస్తాడన్న భయమూ ప్రచురణకర్తలకు ఉండేది. మన వారపత్రికలు కూడా మీద వేసిన తేదీకంటే ముందే చేతికందుతాయి కాబట్టి ఈ పద్ధతి తెలుగు పాఠకులకు కొత్తది కాదు. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన సంచిక మీద 1938 జూన్ అని ఉన్నా, అది ఏప్రిల్‌లోనే బజారులోకి వచ్చింది. కెప్టెన్ అమెరికా హిట్లర్ దవడ మీద గుద్దుతున్న ముఖచిత్రానికి వేసిన తేదీ 1941 మార్చి, కానీ అది అమ్మకానికి వచ్చింది 1940 డిసెంబరులో. అంటే అమెరికా యుద్ధంలోకి దిగడానికి దాదాపు ఏడాది ముందే ఆ పిడికిలి లేచింది. కెప్టెన్ అమెరికాను సృష్టించిన జో సైమన్, జాక్ కర్బీల ఆ సాహసం విలువ ముఖచిత్రం మీది నెలను మాత్రమే చూస్తే తగ్గిపోతుంది. అందుకే పునర్ముద్రణల్లో ఉత్తరాల పేజీలను, ప్రకటనలను తీసేసి, అసలు నెలను ఎక్కడో మూల చిన్న అక్షరాల్లో దాచే సంకలనాలంటే నాకు బాధగా ఉంటుంది. ఆ పేజీలు పోతే కథ పుట్టిన వాతావరణం పోతుంది, దానితో పాటు నవ్వూ పోతుంది.

మూడో క్యాలెండర్, అంటే పాత్రల కాలం, మరీ విచిత్రమైనది. స్పైడర్‌మ్యాన్‌గా మనకు తెలిసిన పీటర్ పార్కర్ 1965 సెప్టెంబరు సంచికలో హైస్కూలు ముగించి, డిసెంబరు సంచికలో కాలేజీలో చేరాడు. పట్టా అందుకునే రోజు వచ్చింది 1978 అక్టోబరు సంచికలో. నాలుగేళ్ల చదువు పాఠకుల లెక్కలో దాదాపు పదమూడేళ్లు సాగింది, అప్పటికీ వ్యాయామ విద్యలో ఒక క్రెడిట్ తక్కువైంది. అతనితో పాటు కాలేజీలో చేరిన పాఠకుడు ఈలోగా ఉద్యోగం చూసుకుని, పెళ్లి చేసుకుని, పిల్లల్ని బడిలో వేసి ఉంటాడు.

సూపర్‌మ్యాన్ పుట్టినరోజును ఫిబ్రవరి 29గా స్థిరపరచడం మాత్రం సంపాదకుల చమత్కారమే. వయసు పెరగని వీరుడికి అంతకంటే తగిన తేదీ దొరకదు. 1988 ఫిబ్రవరి 29న అమెరికాలో సీబీఎస్ టీవీ అతని యాభయ్యో ఏటి వేడుకను ప్రసారం చేసింది, కానీ 1938 నుంచి ఆనాటి వరకు లెక్కిస్తే ఆ తేదీ వచ్చింది 13 సార్లే. అదే తేదీన 1896లో పుట్టిన మొరార్జీ దేశాయ్ పుట్టినరోజు గురించి మన దేశంలో ఎన్ని ఛలోక్తులు నడిచాయో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అధిక మాసంలో పుట్టినవారి తిథి ఎప్పుడు చేయాలన్న చర్చ మన ఇళ్లలో ఎలా సాగుతుందో తెలిసినవారికి ఈ హాస్యం ఇట్టే అందుతుంది.

ఈ లెక్కల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అడవిలో ఉండే ముసుగు వీరుడు ఫాంటమ్‌ది. 1964లో ఇంద్రజాల్ కామిక్స్ ఇతని కథలతోనే మొదలైంది కాబట్టి మన దేశంలో ఒక తరమంతా ఇతన్ని సొంతవాడిగా చూసుకుంది. పత్రికల్లో ఈ బొమ్మల కథ మొదలైంది 1936 ఫిబ్రవరి 17, సోమవారం నాడు. సముద్రపు దొంగలు ఓడ మీద దాడి చేయగా బతికి బయటపడిన యువకుడు తొలి ఫాంటమ్ అయిన సంఘటనకు కథలో చెప్పే తేదీ 1536 ఫిబ్రవరి 17. సరిగ్గా 400 ఏళ్లు అనిపిస్తుంది కానీ, గ్రెగోరియన్ క్యాలెండర్ అమల్లోకి వచ్చింది 1582లో. 1536 నాటి జూలియన్ తేదీని ఇప్పటి లెక్కలోకి మారిస్తే అది ఫిబ్రవరి 27 అవుతుంది, వారం గురువారం. వార్షికోత్సవం పది రోజులు తప్పిందన్నమాట.

అంతకంటే పెద్ద తిరకాసు తరాల లెక్కలో ఉంది. కథలో ఫాంటమ్ ముసుగు తండ్రి నుంచి కొడుక్కి దక్కుతుంది, మనకు తెలిసిన ఫాంటమ్ ఆ వరుసలో ఇరవై ఒకటో వాడు. అతనికి ముందున్న ఇరవై మంది కలిసి 400 ఏళ్లు కాపలా కాశారు, అంటే ఒక్కొక్కరి వంతు సగటున ఇరవై ఏళ్లు. ఈ ఇరవై ఒకటో వాడు మాత్రం 1936 నుంచి ఇప్పటిదాకా ఒక్కడే ఫాంటమ్‌ల పుర్రె సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు.