హ్యాచరీ కంటే ముందు నర్సరీ కుంటలు కావాలి

మత్స్య సహకార సంఘాలే సొంతంగా హ్యాచరీలు (చేపలతో గుడ్లు పెట్టించి పిల్లలను తీసే కేంద్రాలు) పెట్టుకోవాలన్న ఒక వ్యాసం చదివి సంతోషమేసింది. మాది సిద్దిపేట వైపు. నాన్న సంఘంలో సభ్యుడు. 2016-17లో తెలంగాణ ప్రభుత్వం ఉచిత చేప పిల్లల పంపిణీ మొదలుపెట్టాక పిల్లలు చాలావరకు ఆంధ్రలోని కైకలూరు వైపు నుంచే లారీల్లో వస్తున్నాయి. ఒక ఏడాది మా చెరువుకు అక్టోబరు దాటాక వచ్చాయి, అవీ వేలెడు కూడా లేవు. సగం కొర్రమీనుల నోట్లోకే పోయాయి. మిగిలినవి ఎదిగేలోపు ఎండాకాలం వచ్చి చెరువు అడుగంటింది. ఆ ఏడాది నాన్న పడిన టెన్షన్ నాకింకా గుర్తుంది.

అయితే హ్యాచరీ నడపడం తేలిక కాదండీ. మంచి తల్లి చేపలు, ఆగకుండా తిరిగే నీరు, కరెంటు, చేపలు గుడ్లు పెట్టడానికి ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్ మోతాదు తెలిసిన మనిషి ఉండాలి. ఏటా అవే తల్లి చేపలతో, వాటి పిల్లలతోనే గుడ్లు పెట్టిస్తే రక్తం దగ్గరై ఎదుగుదల తగ్గుతుంది. బొచ్చె, రవ్వలను ఒకే తొట్టిలో వదిలితే సంకరం అవుతాయి. అందుకే మండలానికో జిల్లాకో ఒక హ్యాచరీ చాలు. ఊరి సంఘం అక్కడి నుంచి మూడు నాలుగు రోజుల స్పాన్ (గుడ్ల నుంచి అప్పుడే వచ్చిన చిన్న పిల్లలు) తెచ్చుకుని, ముందే కలుపు చేపలు (పెంచాలనుకోని వేరే చేపలు) తీసేసి పేడ వేసిన చిన్న నర్సరీ కుంటల్లో రెండు మూడు నెలలు పెంచితే వేలెడు పొడవు దాటుతాయి. అప్పుడు చెరువులో వదిలితే బతుకుతాయి. తవుడు, వేరుశనగ చెక్క మన ఊళ్లోనే దొరుకుతాయి. మేత వేసే పనికి, లెక్క రాసే పనికి ఆడవాళ్లను కూడా సంఘంలో చేర్చుకోవాలి. ఇప్పటికీ చాలా సంఘాల్లో వాళ్లకు సభ్యత్వం లేదు, చేపలు అమ్మేది మాత్రం వాళ్లే.